బస్సు దిగేసరికి ఉండే మనిషి

పోయిన వారం ప్రొద్దుటూరు బస్టాండులో ఒక కుర్రాడు విజయవాడ బస్సు దిగాడు. దిగిన ఊరి పేరు బోర్డు మీద ఇంకోసారి చదువుకున్నాడు. సామాన్లు లెక్కపెట్టుకున్నాడు. ఫోన్ తీసి సిగ్నల్ చూసుకున్నాడు. ఎవరు ఎదురొచ్చినా పక్కకు జరిగి దారి ఇచ్చాడు. నేను వేరే పని మీద అక్కడున్నాను. అయినా నా కాళ్లు అటు నడిచాయి. నా నోరు తనంతట తానే అడిగింది.

"యాడికి పోవాలప్పా?"

ఒక నగల కొట్టులో కంప్యూటర్ మీద డిజైన్లు గీసే ఉద్యోగానికి వచ్చాడట. దారి చెప్పి, ఆటో ఎక్కించి, అక్కడే బెంచీ మీద కాసేపు కూర్చుండిపోయాను. నాది తెనాలి పక్క పల్లె. 'యాడికి' అన్న మాట నేను చిన్నప్పుడు నేర్చుకున్నది కాదు. కొత్తవాణ్ణి పట్టించే ఆ నాలుగు గుర్తులూ నేను కనిపెట్టినవి కావు. రెండూ ఒకే మనిషివి. ఆయన పోయి ఏడాది దాటింది.

ఆయన పేరు రాయను. రాసినా ఊళ్లో చాలామందికి అర్థం కాదు. అందరికీ ఆయన కంట్రోలరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. నేను చూసేనాటికి రిటైరై చాలాకాలమైంది. గొంతు మాత్రం రిటైర్ కాలేదు. పక్కనున్న మనిషితో మాట్లాడినా నాలుగో ప్లాట్‌ఫారం దాకా వినపడేది.

నేను ఈ ఊళ్లో మొదట దిగింది ఒక గురువారం పొద్దున. నేను డయాలిసిస్ టెక్నీషియన్‌ని. మూత్రపిండాలు చెడిపోయినవాళ్ల రక్తాన్ని మిషన్ ద్వారా తిప్పి, శుభ్రం చేసి, మళ్లీ ఒంట్లోకి పంపే పని. ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగు మిషన్లున్నాయి, నడిపే మనిషి లేడు అని స్నేహితుడు చెబితే ఫోన్‌లోనే ఒప్పుకున్నాను. ఆరు నెలలు చేసి, అనుభవం సర్టిఫికెట్ తీసుకుని హైదరాబాద్ వెళ్లాలన్నది నా ఆలోచన. అది డైరీలో తేదీ వేసి రాసుకున్నాను కూడా.

బస్సు మెట్ల దగ్గర పొడుగు చేతుల తెల్లచొక్కా వేసుకున్న సన్నటి పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"మిషన్లు నడిపే అబ్బాయివి నువ్వేనా?"

"అవునండి. మీరు ఆసుపత్రి నుంచి వచ్చారా అండి?"

"అండీ గిండీ ఈడ కాదప్పా. మామా అను, సరిపోతాది. ఆ సంచికి అంత పెద్ద తాళం ఏసుకోనొచ్చినావే. మా ఊరోళ్ల గురించి శానా గొప్పగా చెప్పినట్టుండారు మీవోళ్లు."

నాకు సిగ్గేసింది. ఆ తాళం మా అమ్మ వేయించింది.

ముందు నన్ను దోశల హోటలుకు తీసుకుపోయాడు. ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లిన దోశ నా ముందు పెట్టించాడు. తను ఏమీ తీసుకోలేదు. "నాకీపొద్దు ఉపాసం" అన్నాడు. ఎదురుగా కూర్చుని నేను తినడం చూస్తూ ఒకటే ప్రశ్నలు. కారం ముందు తగిలిందా, నెయ్యి ముందు తగిలిందా? అంచు కరకరలాడతాందా? ఎర్రగడ్డ, అంటే ఉల్లిపాయ, వాసన వస్తాందా? ఇంటర్వ్యూలో కూడా నన్ను అన్ని ప్రశ్నలు అడగలేదు. తినే మనిషిని అంత శ్రద్ధగా చూసే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

సాయంత్రం నాలుగయ్యేసరికి నాకు ఒక గది, ఒక నులక మంచం, పాలు పోసే మనిషి, బట్టలు ఇస్త్రీ చేసే మనిషి, నెలకు భోజనం పెట్టే మెస్సు కుదిరాయి. ప్రతిచోటా నన్ను చూపించి ఒకే మాట చెప్పాడు.

"ఈయప్ప మనూరికి పని మీద వచ్చినాడు. నెల దినాలు గడిచేదంకా ఎవురూ ఈయప్పను 'ఎప్పుడు పోతావు' అని అడగొద్దు."

మర్నాడు శుక్రవారం, డ్యూటీ మొదటిరోజు. ఏడింటికి పేషెంట్లు వచ్చారు. మూడో బెడ్ దగ్గరికి వెళ్లేసరికి కంట్రోలరు చొక్కా ఎడమ చెయ్యి మడుచుకుని పడుకుని ఉన్నాడు. మోచేతి కింద నరాలు తాడులా ఉబ్బి ఉన్నాయి. సూదులు గుచ్చడానికి వీలుగా రక్తనాళాలను కలిపి కుట్టిన చెయ్యి అది. చూడగానే ఎన్నేళ్లుగా మిషన్ మీద ఉన్నాడో అంచనా వేయగలిగాను. పొడుగు చేతుల చొక్కా ఎందుకో, ఉపవాసం ఎందుకో అప్పుడు తెలిసింది.

"నిదానంగా గుచ్చప్పా," అన్నాడు. "నిన్న దోశ తినిపించినోడు ఎవురో గుర్తు పెట్టుకోని గుచ్చు."

పక్క బెడ్లలో వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నన్నెవరో తూకం వేసి కొన్నట్టు అనిపించింది.

ఆయన సోమ, బుధ, శుక్రవారాల మనిషి. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. ఎక్కువమంది నిద్రపోతారు, లేదా పైకి చూస్తూ ఉంటారు. ఆయన మాట్లాడేవాడు. సూదులు గుచ్చకముందు ఎడమ చెయ్యి చెవి దగ్గర పెట్టుకునేవాడు. కలిపి కుట్టిన నాళంలో రక్తం గుర్రుమని పారే శబ్దం వినపడుతుంది. "నా రేడియో. స్టేషను బాగానే పలుకుతాంది" అనేవాడు.

నీళ్లు ఆయనకు కొలతే. మూత్రం రాదు కాబట్టి తాగిందంతా ఒంట్లోనే ఉండిపోతుంది. చిన్న బాటిల్ ఒకటి చొక్కా జేబులో ఉండేది. దాని మూతలో పోసుకుని తాగేవాడు. నిండా పోస్తే ఫుల్ టికెట్, సగం పోస్తే హాఫ్ టికెట్. ఎండాకాలంలో "ఈపొద్దు బస్సు కిటకిటలాడతాందప్పా, అందరూ ఫుల్ టికెట్లే" అంటూ తూకం మిషన్ ఎక్కేవాడు. ఒకసారి సిరంజీతో కొలిచి చూశాను. ఫుల్ టికెట్ అంటే ఆరు మిల్లీలీటర్లు.

బస్టాండులో పనిచేసిన రోజుల్లో ఆయన మైకులో బస్సుల సంగతి మాత్రమే చెప్పేవాడు కాదట. ఎవరైనా కొత్తగా ఉద్యోగానికి వచ్చి దిగితే అదీ చెప్పేవాడు. "జమ్మలమడుగు పోవు బస్సు రెండో ప్లాట్‌ఫారం మీదికి వచ్చుచున్నది. ఆ బస్సులో పోయేవాళ్లకు మనవి. ఆడి ఇస్కూలుకు కొత్త లెక్కల టీచరమ్మ పోతాంది. ఆయమ్మను గేటుదాకా దిగబెట్టి పోవల్ల." పైఅధికారులు రెండుసార్లు మెమో ఇచ్చారట. మెమో గురించి చెప్పేటప్పుడు ఆయన ముఖంలో పతకం వచ్చిన సంతోషం కనపడేది.

ఒక బుధవారం, నేను వచ్చిన రెండో నెలలో, ఎందుకు మామా ఇదంతా మీకు అని అడిగాను.

"మా నాయన గొర్లు కాసినోడప్పా, రాజుపాలెం దిక్కు," అన్నాడు. "సంతలో కొత్త గొర్రెను కొనుక్కోనొస్తే అది మందలో కలవదు. వచ్చిన దిక్కే చూస్తా నిలబడతాది. సందు దొరికితే పారిపోతాది. అందుకని ఏం జేస్తారంటే, మందలో ఒక పాత గొర్రెను చూసి, రెండిట్నీ ఒకే తాడుతో మెడకు మెడ జోడు కడతారు. పాతది మేతకు పోతే కొత్తదీ పోవల్ల. నీళ్లకు పోతే నీళ్లకు. వారం పదిదినాలకు తాడు ఇప్పేస్తారు. ఇప్పినా అది పోదు."

"ఏ పాత గొర్రెకైనా కట్టొచ్చా?"

"అదే మరి. బాగా బలిసిన దానికి కడితే కొత్తదాన్ని ఈడ్చకపోతాది. ఏదో ఒక కొరత ఉండేదానికి కట్టల్ల. కొంచెం కుంటేదో, పిల్ల చచ్చిపోయిందో. అదైతే తోడు కోసం నిలబడతాది."

ఊళ్లో ఆయన కట్టిన జోళ్లు చాలా ఉన్నాయి. కొత్తగా వచ్చిన ఆడ డాక్టరుకు ఒక ఆటో డ్రైవర్‌ను జోడు కట్టాడు. అతని కూతురికి మూర్ఛలు. ఒరిస్సా నుంచి బ్యాంకులోకి వచ్చిన గుమాస్తాకు చదరంగం ఆడే తోడు పోయిన ఒక రిటైర్డ్ మాస్టారిని. రాళ్లు పొదిగే బెంగాలీ పనివాడికి చేతివణుకు వచ్చిన ఒక ముసలి కంసాలిని. డాక్టరు వెళ్లిపోలేదు. గుమాస్తా బదిలీ వద్దని రాసిచ్చాడు. ఆ బెంగాలీ అతను ఇప్పుడు "ఏందన్నా, యాడికి పోతాండావు" అని నన్నే పలకరిస్తాడు.

ఆరు నెలలు గడిచాయి. డైరీలో రాసుకున్న తేదీ వచ్చి వెళ్లింది. వెళ్లలేకపోయాను. కారణం మంచితనం కాదు, ఒక రిజిస్టరు. మిషన్ల రిజిస్టరులో నాకు ముందు రెండేళ్లలో నాలుగు రకాల చేతిరాతలున్నాయి. నలుగురూ వచ్చి వెళ్లినవాళ్లే. మూడో చేతిరాతకూ నాలుగో చేతిరాతకూ మధ్య పంతొమ్మిది రోజుల ఖాళీ. ఆ ఖాళీలో పేషెంట్లందరూ వారానికి మూడుసార్లు కడపకు బస్సులో వెళ్లారు. రాజుపాలెం నుంచి వచ్చే ఒకామె పేరు ఖాళీకి ముందు పేజీలో ఉంది, తర్వాత పేజీలో లేదు. ఎవరూ నాకు ఏమీ చెప్పలేదు. నేనే చదివాను.

పద్నాలుగు నెలలు ఆదివారాలు తప్ప సెలవు లేకుండా పనిచేశాను. మా నాయనమ్మ పోయినప్పుడు శనివారం రాత్రి బస్సెక్కి, ఆదివారం పొద్దున దిగి, సాయంత్రం మళ్లీ బస్సెక్కాను. పదోరోజుకు వెళ్లలేదు. ఆ వారంలోనే హైదరాబాద్ ఆసుపత్రి నుంచి ఉద్యోగం ఖాయమైన ఉత్తరం వచ్చింది. జీతం రెట్టింపు. షిఫ్టుకు ఆరుగురు టెక్నీషియన్లు. చేరడానికి మూడు నెలల గడువు.

ఆ సోమవారం సూది గుచ్చుతుంటే కంట్రోలరు అడిగాడు. "మీ నాయనమ్మ దినాలకు పోలేదంట. ఏంటికప్పా?"

పద్నాలుగు నెలల్లో మొదటిసారి నేను గొంతు పెంచాను.

"పోతే మీకు ఈ సూది ఎవరు గుచ్చుతారు? దోశలు, గది, మంచం, ఇదంతా నా మీద ప్రేమతో చేశారా? మీ మిషన్ ఆగకూడదని చేశారు. నన్ను తెచ్చి మీ మెడకు కట్టుకున్నారు."

ఆయన ముఖం మారుతుందని చూశాను. మారలేదు.

"అవునప్పా," అన్నాడు. "నా మిషన్ కోసరమే. ఇంకేంటికనుకున్యావు? నీతో నాకు అవసరముంది కాబట్టే బస్టాండులో నిలబడినా. అవసరం లేనోన్ని పిల్చి, కుర్చీ ఏసి, పూలమాల ఏస్తారే, అదీ మర్యాద నీకు? అది ఫోటో కోసరం. నువ్వు లేకుంటే నేను సస్తానని చెప్పి పిల్చినా నిన్ను. అంతకంటే పెద్ద మర్యాద మా ఊరి దగ్గర ల్యా."

నేను టేపు అంటించి, మిషన్ ఆన్ చేసి, రీడింగులు రాసుకున్నాను. గంట తర్వాత రక్తపోటు చూడడానికి వెళ్తే, కళ్లు తెరవకుండానే అన్నాడు.

"జోడు కట్టిన తాడు పదిదినాల్లో ఇప్పాల్నంటిని గదా. నేను పద్నాలుగు నెలలైనా ఇప్పలేదు. అది నా తప్పు. నీకు ఇంకో మనిషి కావల్ల."

తర్వాత జరిగింది ఇది. ఆయన ఆసుపత్రి వాళ్లను అడగలేదు, పేపర్లో ప్రకటన వేయించలేదు. డయాలిసిస్ లేని రోజుల్లో బస్టాండుకు వెళ్లి, బెంగళూరు, తిరుపతి, హైదరాబాద్ బస్సుల కండక్టర్లను ఒక్కొక్కరినీ పట్టుకున్నాడు. "పెద్దాసుపత్రుల్లో కిడ్నీ మిషన్లు నడిపే పిల్లోళ్లు మన జిల్లావోళ్లు ఎవురన్నా మీ బస్సు ఎక్కుతాంటే చెప్పండి." కండక్టర్లు నవ్వారు. ఏ ప్రయాణికుడు ఏం చదివాడో టికెట్ మీద రాసి ఉంటుందా అన్నారు. "పండగలకు ఊరికొచ్చే పిల్లోళ్లు కండక్టరుతో మాట్లాడకుండా ఉంటారా? అడగండప్పా, నోరేమన్నా అరిగిపోతాదా?" అన్నాడట.

రెండు నెలలు పట్టింది. పులివెందుల డిపో కండక్టరు ఒకాయన కబురు తెచ్చాడు. అమ్మాయి పేరు షబానా. పులివెందుల. బెంగళూరులో మూడేళ్లుగా ఇదే పని చేస్తోంది. నాన్న కువైట్‌లో డ్రైవరు, ఇంటి దగ్గర అమ్మ ఒక్కతే. అమ్మకు దగ్గరగా రావాలని ఉంది గానీ, పులివెందుల చుట్టుపక్కల ఎక్కడా ఖాళీ లేదు. ప్రొద్దుటూరులో ఎవరూ తెలియదు.

కంట్రోలరు ఒక మంగళవారం పులివెందుల బస్సెక్కి వాళ్లింటికి వెళ్లి వచ్చాడు. ఏం మాట్లాడారో మర్నాడు బెడ్ మీద పడుకుని పూర్తిగా వినిపించాడు. ఆ తల్లి అన్నీ విని చివరికి ఒకటే అడిగిందట.

"కొత్త ఊర్లో పిల్ల బస్సు దిగితే ఎవురుంటారన్నా?"

"నేనుంటా తల్లీ."

"నువ్వేనా, ఇంకెవురినన్నా పంపిస్తావా?"

"నేనే. వేరే మనిషి ఎందుకుంటాడు?"

ఆ అమ్మాయి మంగళవారం డ్యూటీలో చేరాలి, సోమవారం రావడానికి ఒప్పుకుంది. పది గంటల బస్సు. పదింటికి కంట్రోలరు మిషన్ మీద ఉండే సమయం.

ఆటో అతన్ని పంపుదామన్నాను. వినలేదు. సాయంత్రం బస్సుకు రమ్మందామన్నాను. ఆమె మొదటిరోజు వెలుతురుండగా గది చూసుకోవాలి అన్నాడు. పొద్దున వద్దు, సాయంత్రం షిఫ్టులో చేయించుకోండి అన్నాను. ఆ షిఫ్టు నిండి ఉంది. చివరికి ఆయనే దారి చూసుకుని వచ్చాడు. మంగళవారం పొద్దున బ్యాచ్‌లో ఒకాయనను బతిమాలి, ఆయనను సోమవారానికి పంపి, తను మంగళవారానికి మారాడు.

"శుక్రవారం నుంచి మంగళవారం అంటే నాలుగు రోజులు మామా," అన్నాను. "సోమవారం దాకా ఆగడమే ఎక్కువ. ఆదివారం అడ్డం వస్తుంది కాబట్టి తప్పక ఆగుతాం."

"ఒక్కదినమేగదప్పా. టికెట్లు కోసేది తగ్గిస్తాలే."

"నీళ్లతోనే కాదు. ఒంట్లో పొటాషియం పెరుగుతుంది. అది పెరిగితే గుండె ఆగుతుంది. చెప్పి ఆగదు."

"నాకు తెల్దా? నీకంటే ముందునుంచి పండుకోనుండా ఈ మంచం మీద. ఆ తల్లికి మాటిచ్చినా. తొలిమాటే తప్పితే ఆ పిల్ల మలిబస్సుకు ఎనక్కి పోతాది."

మా యూనిట్ పద్ధతి ప్రకారం ఇలాంటివి డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. చెప్పాను. ఎలా చెప్పానో కూడా రాయాలి. "పేషెంట్ బాగున్నాడు సార్, బరువు ఎక్కువ పెరగడు, ఒక్కరోజే" అన్నాను. ఆ మూడు మాటలూ నిజమే. వాటిని ఏ వరసలో, ఏ గొంతుతో చెబితే డాక్టరు సరే అంటాడో నాకు తెలుసు, అలాగే చెప్పాను. ఎందుకంటే హైదరాబాద్ వాళ్లు చేరమన్న తేదీ ఇంకో మూడు వారాల్లో ఉంది. షబానా బస్సు దిగి, మలిబస్సుకు వెనక్కి పోకుండా ఉండడం కంట్రోలరుకు ఎంత అవసరమో నాకూ అంతే అవసరం. రిజిస్టరులో 'రోగి కోరిక మీద వాయిదా' అని రాసి సంతకం చేశాను. రోగి కోరిక అన్నది నిజం. రోగిది మాత్రమే అన్నట్టు రాయడం నిజం కాదు.

సోమవారం పదిన్నరకు ఆయన నుంచి ఫోన్ వచ్చింది. వెనక బస్టాండు చప్పుడు. "దిగిందప్పా. బో ధైర్యమైన పిల్ల. ఒక్క సంచే తెచ్చుకునింది. తాళం గూడా ల్యా." మధ్యాహ్నం మళ్లీ చేశాడు. గది నచ్చింది. ఇంటి ఓనరు దర్జీ పని చేసే ఒంటరి ఆవిడ, కళ్లు సరిగా ఆనక సూదిలో దారం ఎక్కించలేకపోతోంది, సరైన జోడు అన్నాడు. గొంతులో అలసట ఉంది. సంతోషం వల్ల అనుకున్నాను.

మంగళవారం ఆరున్నరకు యూనిట్ తెరిచి, నీళ్ల ప్లాంటు ఆన్ చేసి, నాలుగు మిషన్లూ సిద్ధం చేశాను. ఆరూ నలభైకి కంట్రోలరు వాళ్లావిడ ఫోన్ చేసింది. నన్ను ఆమె ఎప్పుడూ 'నాయనా' అనేది.

"నాయనా, మీ మామ చెప్పులేసుకుంటా అట్లనే మెట్టుమీద కూచున్నాడు. పిలిస్తే పలకడంల్యా. నువ్వొకసారి వస్తావా?"

పక్కనే నర్సు ఉంది, డాక్టరు ఉన్నాడు, ఆంబులెన్సు ఉంది. అందరం వెళ్లాం. అప్పటికే అయిపోయింది. ఎడమ చెయ్యి పట్టుకుని చూశాను. ఆ చెయ్యి ఎప్పుడు పట్టుకున్నా లోపల గుర్రుమనేది. ఏమీ లేదు. ఎనిమిదో తరగతి పిల్లాడికి కూడా నాడి చూస్తే తెలిసే విషయం, నేను రెండు చేతులతో పట్టుకుని ఇంకా చూస్తూ ఉన్నాను. వాళ్లావిడే నా భుజం మీద చెయ్యేసి లేపింది.

తిరిగి యూనిట్‌కు వచ్చాను. మిగతా ముగ్గురూ సూదుల కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్లనూ ఆపితే ఏమవుతుందో తెలుసు కాబట్టి పని మొదలుపెట్టాను. ఎనిమిదింటికి షబానా వచ్చింది. మొదటిరోజు. కొత్త తెల్లకోటు. లోపలికి వచ్చి చేతులు కడుక్కుని, మిషన్లను వరసగా చూసింది. మూడోది ఖాళీగా ఉంది.

"ఈ పేషెంట్ రాలేదా అన్నా?"

నిన్న నిన్ను బస్టాండు నుంచి తీసుకొచ్చింది ఆయనే, ఈ పొద్దున పోయాడు అని చెప్పాను. ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత గోడకు ఆనుకుంది.

"ఆయన పేషెంటా? నిన్నంతా పొడుగు చేతుల చొక్కా ఏసుకోనుండె. చెప్పనేలేదు."

"ఎవరికీ మొదటిరోజు చెప్పడు."

చాలాసేపు చేతులు తుడుచుకుంటూనే నిలబడింది. తర్వాత, ముగ్గురు పేషెంట్లకూ వినపడకుండా, గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"బస్సు దిగంగానే టెంకాయ నీళ్లు ఇప్పించినాడన్నా. ఆయన తాగలేదు. ఉపాసమన్నాడు. పెద్దాయనను నిలబెట్టి నేనొక్కదాన్నే ఎట్ల తాగేదని, నువ్వు తాగకుంటే నాకూ వద్దు పెద్దనాయనా అన్న్యా. కాయ కిందపెట్టేసినా. ఆయన నా మొగం చూసి నవ్వి, సరే తల్లీ, ఈపొద్దు మంచిదినంలే అని ఇంకొకటి కొట్టించినాడు. మొత్తం తాగినాడన్నా. మూతి తుడుచుకోని, ఎన్నేండ్లయిందో అన్న్యాడు. ఊరికే అంటాండాడు అనుకున్న్యా."

డయాలిసిస్ పేషెంట్‌కు టెంకాయ నీళ్లు ఇవ్వకూడదని మాకు మొదటి సంవత్సరం మొదటి పాఠంలో చెబుతారు. కాయ నిండా పొటాషియమే. నాకు తెలుసు, ఆమెకు తెలుసు. ఆ అమ్మాయి ఒంటరిగా తాగలేక మొహమాటపడుతోందని తెలిసి తాగిన ఆయనకు మా ఇద్దరికంటే బాగా తెలుసు.

"దాని వల్లేనా అన్నా?" అని అడిగింది.

"కాదు," అన్నాను. "ఒక్క కాయతో ఏమీ కాదు. నాలుగు రోజులు మిషన్ లేకపోవడం వల్ల. ఆ నాలుగో రోజుకు ఒప్పుకున్నది నేను."

నమ్మిందో లేదో తెలియదు. ఎందువల్లో ఎవరూ పరీక్ష చేసి తేల్చలేదు, తేల్చే అవసరమూ రాలేదు. రోజూ ప్రతి అంకె రాసుకునేవాణ్ణి నేను. ఈ ఒక్కదానికి అంకె లేదు. ఉన్నది రెండు సగాలు. ఒక సగం ఆమె దగ్గర ఉంది, ఒక సగం నా దగ్గర. మేమిద్దరం అప్పటినుంచి ఈ యూనిట్‌లో కలిసే పనిచేస్తున్నాం. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. హైదరాబాద్ ఉత్తరానికి నేను జవాబు రాయలేదు.

ఆరోజు మధ్యాహ్నం ఇంకో పని మిగిలింది. మా దగ్గర చోటు కోసం ఎదురుచూసేవాళ్ల జాబితా ఒకటుంటుంది. మిషన్ ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండకూడదు, మొదటి పేరుకు చెప్పమని డాక్టరు అన్నాడు. మొదటి పేరు మా జిల్లాలోనే ఖాజీపేట మండలంలో ఒక రైతుది. నంబరు కలిపాను.

"మూడో బెడ్ మీకు ఇస్తున్నాం. సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున ఏడింటికి. రేపటినుంచి రాగలరా?"

ఫోన్ పక్కకు తీసి ఆయన ఎవరితోనో అనడం వినిపించింది. "ఒచ్చిందంటమే. ప్రొద్దుటూరులో మనకు చోటొచ్చిందంట." ఒక ఆడగొంతు దేవుళ్లందరి పేర్లూ పిలవడం మొదలుపెట్టింది.

"నీకు పుణ్యముంటాదప్పా," అన్నాడు ఆయన నాతో. "ఎన్నాళ్లనుంచి అడగతాండామో. చోటు ల్యా, చోటు ల్యా అంటాంటిరి. ఇప్పుడెట్లొచ్చింది? ఆ మంచం మీదుండే ఆయప్పకు నయమైపోయిందా?"

"లేదు," అన్నాను.

ఆ ఆడమనిషి ఇంకా ఎవరినో గట్టిగా పిలిచి, సంతోషంగా చెబుతూనే ఉంది. ఆయన ఆమెను ఊరుకోమన్నాడు. ఒకసారి చెబితే వినలేదు, రెండోసారి చెప్పాడు.

"ఏడింటికి ముందే వస్తాప్పా," అన్నాడు.